రాత్రి రెండింటికి లైటు వేయకుండా ఇల్లంతా నడిచి చూడండి

పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది, అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చి మీ దగ్గరే ఉండబోతున్నారు, ఇంట్లో ఏమేం సరిచూసుకోవాలని అడిగారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మూడేళ్ల క్రితం మా అమ్మ రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, ఆ తర్వాత నెలల తరబడి వాకర్. పగలు చూస్తే ఆ దారిలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. ఒక రాత్రి లైటు వేయకుండా అమ్మ మంచం మీంచి లేచి, అదే దారిలో నడిచాను. స్విచ్చు తలుపు దాటాక ఉంది. గడప దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా నా కాలి కిందే జారింది. పట్టుకుందామంటే చేతికందేది టవల్ రాడ్ ఒక్కటే, అదీ రెండు చిన్న స్క్రూల మీద ఊగుతోంది! మర్నాడే పట్టా తీసేశాం, బెడ్‌లైటు పెట్టాం, గోడకి గట్టి స్టీలు హ్యాండిల్ బిగించాం.

పాప కోసమైతే మీరూ నేల మీద పాకండి. మాకు మంచం కింద బొద్దింకల మందు కనిపించింది. బకెట్లో నీళ్లు మాత్రం ఎప్పుడూ వదలకండి. తల బరువుకి ముందుకు వంగి పడిన పసిపిల్లలు తిరిగి లేవలేరు, కొద్ది నీళ్లు చాలు.

గ్యాస్ ట్యూబు మీద తేదీ ముద్ర ఉంటుంది, అయిదేళ్లకు మార్చాలి. మాది పొయ్యి వెనక వంగిన చోట సన్నగా పగిలి ఉంది, బయటికి కొత్తదానిలా మెరుస్తోంది. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. వాసనొస్తే స్విచ్చు వేయొద్దు, ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి.

కరెంటు సంగతి ఎలక్ట్రీషియన్‌కే వదలండి. గీజర్‌కి ఎర్త్ నిజంగా ఉందా, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉందా అని అడగండి. దాని టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోవాలి.

ఇవన్నీ చూసి టెన్షన్ పడకండి, ఒక ఆదివారం పని. పెద్దవాళ్లు వచ్చిన మొదటి రాత్రి మాత్రం మళ్లీ ఒకసారి చూడండి, మంచం ఏ పక్క నుంచి దిగుతారో అప్పుడే తెలుస్తుంది.