తాళం వేసి ఊరెళ్తున్నాం, ఫ్లాట్‌లో నీళ్లు లీకవకుండా ఏం చేయాలి?

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తున్నాం, కుళాయిలన్నీ గట్టిగా కట్టేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. ఫ్లాట్‌లోకి నీళ్లొచ్చే లైన్లనే వాల్వుల దగ్గర కట్టేయాలి.

మా పై ఫ్లాట్ వాళ్లు తిరుపతి వెళ్లినప్పుడు వాళ్ల వాష్ బేసిన్ కింది కనెక్షన్ పైపు రాత్రిపూట పగిలింది. కుళాయిలన్నీ కట్టేసే ఉన్నాయి. తెల్లారేసరికి మా హాల్లో సీలింగ్ నుంచి ధారగా కారుతోంది. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. మేడమీద ఏ వాల్వు ఏ ఫ్లాట్‌దో వాచ్‌మన్‌కు తెలియదు. చివరికి బ్లాకు మొత్తానికీ నీళ్లు ఆపాల్సి వచ్చింది. మా ప్లైవుడ్ వార్డ్‌రోబ్ అడుగంతా ఉబ్బిపోయింది, తలుపులు పడలేదు. వాళ్లింట్లో నష్టం ఇంకా ఎక్కువ.

ఆ కనెక్షన్ పైపుకి పైన స్టీలు అల్లిక కనిపిస్తుంది కానీ లోపల ఉండేది మెత్తటి గొట్టమే. కుళాయి కట్టి ఉన్నా దాని మీద ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది. ఒకసారి టార్చి వేసి బేసిన్ కింద, ఫ్లష్ ట్యాంక్ పక్కన, గీజర్ దగ్గర చూడండి. అల్లికలో తుప్పు చుక్కలున్నా, నట్టు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నా ఆలోచించకుండా మార్పించేయండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. కొద్ది వందల రూపాయలతో అయిపోయే పని.

చాలామంది ఒక వాల్వు కట్టేసి పనైపోయిందనుకుంటారు. హైదరాబాద్‌లో ఎన్నో అపార్ట్‌మెంట్లలో వంటింటికి మంజీరా లైను (వాటర్ బోర్డు నీళ్లు) వేరు, బాత్రూములకు బోరు లైను వేరు. మేడమీద సోలార్ హీటర్ ఉంటే వేడినీళ్ల లైను మరొకటి. అందుకే వాల్వులు కట్టాక ప్రతి కుళాయీ, ఫ్లష్, హెల్త్ ఫాసెట్ తిప్పి చూడండి. పైపుల్లో మిగిలిన నీళ్లు పోయాక ధార పూర్తిగా ఆగిపోవాలి. సన్నగా వస్తూనే ఉందంటే వాల్వు సరిగా పడట్లేదు, లేదా ఇంకో లైను మిగిలిపోయింది. చూడ్డం అయ్యాక కుళాయిలన్నీ మళ్లీ కట్టేయండి.

ఇదంతా బయల్దేరే రోజు పెట్టుకోకండి, వారం ముందే చూసుకోండి. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వు ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే లోపల విరిగిపోతుంది. పండగ ముందు ప్లంబర్ దొరకడం ఎంత కష్టమో మీకు తెలిసిందే కదా.

వాషింగ్ మెషిన్ కుళాయి, వాటర్ ప్యూరిఫయర్‌కి వెళ్లే చిన్న వాల్వు కూడా విడిగా కట్టేయండి. కరెంటు బోర్డులో గీజర్ ఎంసీబీ (దాని కరెంటు ఆపే స్విచ్చు) దించేయండి. వానాకాలంలో వెళ్తే బాల్కనీ జాలీలో ఆకులు తీసేయాలి, లేకపోతే నీళ్లు నిలిచి గుమ్మం కింద నుంచి లోపలికి వస్తాయి.

పై ఫ్లాట్‌లో ఏదైనా పగిలితే మాత్రం మన వాల్వులు ఏమీ చేయలేవు. అందుకే పొలం కాగితాలు, సర్టిఫికెట్లు కింది అరల్లో ఉంచొద్దు. నమ్మకమైన పక్కింటివాళ్లకు ఒక తాళంచెవి ఇచ్చి, వాల్వులు ఎక్కడున్నాయో దగ్గరుండి చూపించండి. ఫోన్‌లో చెబితే ఆ కంగారులో ఎవరికీ అర్థం కాదు.

తిరిగొచ్చాక వాల్వు మెల్లగా తెరవండి. ముందు ఒక కుళాయి వదిలి గాలి పోనివ్వండి. వేడినీళ్ల కుళాయిలో ధార నిండుగా వచ్చాకే గీజర్ వేయండి.