పుస్తకం నిండా కార్యక్రమాలే... మా అమ్మాయికి ఆ యూనివర్సిటీయే మంచిదా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయికి కన్వీనర్ కోటాలో హైదరాబాద్‌లోని ఒక పాత అటానమస్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) సీటు వచ్చింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీ అది. ఇంకోవైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్ (కంప్యూటర్ సైన్స్‌లో కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) ఇస్తామంటున్నారు. ఫీజు ఏడాదికి మూడున్నర లక్షలు, హాస్టల్ వేరే. గత ఏడాది కార్యక్రమాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. హ్యాకథాన్లు, సదస్సులు, విదేశీ ఒప్పందాలు, పేటెంట్లు, ఫెస్టులు... రోజుకొకటి జరిగినట్టుంది. కాలేజీ వెబ్‌సైట్‌లో అంత సందడి కనిపించలేదు. మా అమ్మాయి నెమ్మది, నలుగురిలో కలవదు. యూనివర్సిటీలో అయితే చురుగ్గా తయారవుతుందని ఆశ. అవసరమైతే కొంత పొలం అమ్ముదామనుకుంటున్నాను. రెండింటినీ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: పోలిక కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బెంగ ఏఐ మీదా లేదు, ఈసీఈ మీదా లేదు. నెమ్మది పిల్ల హైదరాబాద్‌లో ఎక్కడ వెనకబడిపోతుందోనని మీ భయం. ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో ఇదే భయంతో ఎంతోమంది తల్లిదండ్రులు నా ఎదురుగా కూర్చుంటారు. చాలామంది చేతిలో అలాంటి పుస్తకమే ఉంటుంది. ముందు ఒక్కటి గట్టిగా చెప్పనివ్వండి: నెమ్మదితనం లోపం కాదు. నెమ్మదిగా ఉండే పిల్లలు బాగా స్థిరపడటం నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఆ ఒక్క కారణానికి పొలం అమ్మకండి.

ఇక ఆ పుస్తకం సంగతి. ఇంజినీరింగ్ చదువులో ఏడాది ఎలా గడుస్తుందో చూస్తే అందులో ఏది ఎంతో మీకే తెలుస్తుంది. మొదటి ఏడాది పిల్లలకు ఇండక్షన్ ఉంటుంది. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళికే దానికి 3 వారాలు కేటాయించింది. సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య జయంతి, ఇంజినీర్స్ డే. 24న ఎన్ఎస్ఎస్ డే. ఆ వెనకే మిడ్ పరీక్షలు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, సెమిస్టర్ పరీక్షలు. సంక్రాంతి దాటాక ఫెస్టు, ఆటల పోటీలు, హ్యాకథాన్. వేసవి మొదలయ్యేసరికి ప్రాజెక్టు రివ్యూలు, తర్వాత ఇంటర్న్‌షిప్పులు. మీకు వచ్చిన పాత కాలేజీలోనూ ఇవన్నీ జరుగుతాయి. యూనివర్సిటీ వాళ్లు పుస్తకం వేశారు, కాలేజీ వాళ్లు వేయలేదు.

(ఇంజినీర్స్ డే అంటే నాకో కోరిక ఉంది. 1908 మూసీ వరదల తర్వాత విశ్వేశ్వరయ్యను హైదరాబాద్‌కు పిలిపించారు. ఆయన సలహాతోనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆ రోజు కేక్ కోసి ఫొటో దిగడంతో సరిపెట్టకుండా పిల్లల్ని బస్సెక్కించి ఆ కట్టల మీదికి తీసుకెళ్లే కాలేజీ కనిపిస్తే, కళ్లు మూసుకుని చేర్పించమని చెబుతాను.)

ఇంత శ్రద్ధగా పుస్తకాలు ఎందుకు వేస్తారంటే, న్యాక్ (కాలేజీల, యూనివర్సిటీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న సంస్థ ప్రతి ఏడాదీ తన పనితీరు మీద వార్షిక నివేదిక పంపాలి. కార్యక్రమం జరిగిందనడానికి ఆధారం కావాలి. మీ దగ్గరున్న పుస్తకంలో ఫొటోలు దగ్గరగా పట్టుకుని చూడండి. చాలా ఫొటోల కింద మూలన చిన్న మ్యాపు, అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం ఉంటాయి. అది పైవాళ్లకు చూపించడానికి తీసిన ఫొటో. అందులో తప్పేమీ లేదు, లెక్క చూపించాల్సిందే. కాకపోతే ఆ లెక్క సంస్థది, మీ అమ్మాయిది కాదు.

ఇంకో పని చేయండి. ఫొటోల్లో మొహాలు చూడండి. ఒకసారి ఒక తల్లితో కలిసి ఇలాంటి పుస్తకమే పేజీ పేజీ తిరగేశాను. కళ్లజోడు పెట్టుకుని, భుజాన ఎర్ర బ్యాగు వేసుకున్న ఒక అబ్బాయి రక్తదాన శిబిరంలో ఉన్నాడు, హ్యాకథాన్‌లో ఉన్నాడు, సదస్సులో అతిథికి పూలగుచ్ఛం ఇస్తున్నాడు, ఫెస్టులో మైకు పట్టుకున్నాడు. అతని పక్కన ఎప్పుడూ ఆ నలుగురైదుగురే. వేలమంది చదివే చోట ఏడాదంతా ఆ కొద్దిమందిదే అయింది. ఆ అబ్బాయికి నిజంగానే మేలు జరిగి ఉంటుంది, సంతోషం. అలాంటి పిల్లవాడు ఏ కాలేజీలో వేసినా ముందుకొస్తాడు. నెమ్మది పిల్లని పెద్ద సందడిలో వదిలితే మాత్రం ఆడిటోరియం వెనక వరుసలో కూర్చుంటుంది. అటెండెన్స్ పడుతుంది, అంతే. అలాంటి పిల్లలు నలుగురైదుగురు కలిసి చేసే పనిలో, పేరు పెట్టి పిలిచే మాస్టారు ఉన్నచోట తెరుచుకుంటారు.

పేటెంట్ల గురించి రెండు ముక్కలు. దరఖాస్తు పెట్టాక మామూలుగా 18 నెలలకు పేటెంట్ ఆఫీసు దాన్ని తన పత్రికలో ప్రచురిస్తుంది. విడిగా ఫారం 9 పెట్టి ఫీజు కడితే ఇంకా ముందే ప్రచురిస్తారు. అప్పటికి దాన్ని ఎవరూ పరీక్షించి ఉండరు. పరీక్షించి, అభ్యంతరాలు తేల్చి, ఇది కొత్తదేనని ఒప్పుకుంటే అప్పుడు మంజూరు చేస్తారు. పుస్తకంలో 'పబ్లిష్డ్' అని ఉందా, 'గ్రాంటెడ్' అని ఉందా చూడండి. ఎంఓయూలు (వేరే సంస్థలతో రాసుకునే ఒప్పందాలు) కూడా అంతే. సంతకం చేసిన ఫొటో కాకుండా, ఆ ఒప్పందం కింద గత ఏడాది ఎంతమంది విద్యార్థులు ఎక్కడికి వెళ్లారో అడగండి. జవాబు వెంటనే వస్తే మంచిదే.

జీతాల సంగతికొస్తే, పేపర్ ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే ప్యాకేజీ ఒక్కరిది. ఆఫర్ల సంఖ్య కూడా జాగ్రత్తగా చూడాలి, ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కవేసే చోట్లున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసే సంస్థలు తాము ఇచ్చిన సమాచారాన్ని సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, సకాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్లారు, మధ్యస్థ జీతం ఎంత అన్నవి ఉంటాయి. ఉద్యోగాలొచ్చిన వాళ్లందరినీ జీతం ప్రకారం వరుసగా నిలబెడితే నట్టనడుమ నిలబడే విద్యార్థి జీతమే మధ్యస్థ జీతం. అది మీ అమ్మాయికి వచ్చే అవకాశమున్న అంకె. రెండు సంస్థల వెబ్‌సైట్లలోనూ ఆ కాగితం వెతకండి. మీ చేతిలో ఉన్న పుస్తకమంతా కలిపినా ఆ నాలుగు పేజీల పాటి చేయదు.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు అనుమానం. ఏఐ అండ్ ఎంఎల్ పేరుతో బీటెక్ బ్రాంచీలు మన దగ్గర 2020-21లో మొదలయ్యాయి. ఎన్‌బీఏ (ఒక్కో కోర్సు నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు కోర్సుకి విడిగా ఇస్తారు, దానికి కనీసం రెండు బ్యాచ్‌లు పట్టా తీసుకుని బయటికి వచ్చి ఉండాలి. మొదటి ఏడాదే మొదలుపెట్టిన చోట కూడా రెండో బ్యాచ్ బయటికొచ్చింది 2025లో. అంటే ఈ కోర్సు బాగుందో లేదో చెప్పగలిగే అనుభవం ఇప్పుడిప్పుడే వస్తోంది. దీనికితోడు 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో సీట్ల మీద ఉన్న గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. చాలా కాలేజీలు కంప్యూటర్ సైన్స్ వైపు సీట్లు పెంచేసుకున్నాయి. సీటు పెంచడానికి ఒక అనుమతి కాగితం చాలు. సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పి, ఆ పైన మెషిన్ లెర్నింగ్ నేర్పగల మాస్టారు తయారవడానికి ఏళ్లు పడుతుంది. నా దగ్గరికొచ్చే ఏఐ విద్యార్థుల్లో కొందరు మూడో ఏడాదిలో కూడా ఎవరో రాసిన ప్రోగ్రాం తెచ్చి నడిపి, ఫలితం రికార్డులో అంటించడం దగ్గరే ఆగిపోయారు. అది ఎందుకలా పనిచేస్తుందో అడిగితే చెప్పలేరు. తెలివి తక్కువై కాదు, చెప్పినవాళ్లు లేక. ఆ పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

ఏఐ వద్దని నేను అనను. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు అది చక్కటి దారి. అయినా ఆ దారిలోకి వెళ్లాలంటే డిగ్రీ మీద ఆ రెండక్షరాలు ఉండి తీరాలన్నది మాత్రం నేను ఒప్పుకోను. మొదటి రెండేళ్లలో చాలాచోట్ల దానికీ మామూలు సీఎస్ఈకీ పెద్ద తేడా ఉండదు. ఈసీఈలో సిగ్నల్స్, సంభావ్యత చదివిన పిల్లలు ఇటువైపు రావడం కొత్తేమీ కాదు. అదనపు క్రెడిట్లు చేసి ఏఐలో మైనర్ డిగ్రీ తీసుకునే వీలు చాలా కాలేజీల్లో ఉంది. అటానమస్ కాలేజీ నిబంధనల్లో అది ఉందేమో అడగండి.

ఇక మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమనుకోకండి. మీరు రాసినదాంట్లో ఫీజు ఉంది, పొలం ఉంది, పుస్తకం ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆమెకు ఫిజిక్స్ ఇష్టమా, లెక్కలు ఇష్టమా రాయలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటుందో, ఇంట్లో పాడైన రేడియో విప్పుతుందో రాయలేదు. 'నలుగురిలో కలవదు' అని మాత్రం రాశారు. ఆ మాట ఆమె ముందు ఎన్నిసార్లు అని ఉంటారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా 'మా పిల్ల మాట్లాడదండీ' అంటుంటే ఏ పిల్ల మాట్లాడుతుంది? రేపు మీరు పొలం అమ్మి చేర్పిస్తే, ప్రతి మిడ్ పరీక్షకూ ఆ పొలం ఆమె కళ్ల ముందు మెదులుతుంది. ఒక్క సబ్జెక్టు పోయినా మీకు చెప్పడానికి భయపడుతుంది. ప్రేమతోనే చేస్తున్నారు, నాకు తెలుసు. అయినా ఆ బరువు పదిహేడేళ్ల పిల్ల మీద పెట్టకండి.

కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చింది. అడిగినదానికి తలూపడమే తప్ప గొంతు వినిపించేది కాదు. ఈసీఈలో చేరింది. వాళ్ల బ్యాచ్‌లో బ్రెడ్‌బోర్డుకు (వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టి చూసే పలకకు) ముగ్గురు. మిగతా ఇద్దరూ రికార్డు రాసుకుంటుంటే వైర్లు గుచ్చే పని తనకు వచ్చేది. ఒకరోజు ఆసిలోస్కోప్ తెర మీద రావాల్సిన తరంగం రాలేదు. గంటన్నరసేపు ఒక్కో వైరూ తీసి పెడుతూ, చివరికి గ్రౌండ్ వైరు లోపల తెగిందని పట్టుకుంది. పక్క టేబుల్ వాళ్లు 'మాదీ చూడవా' అన్నారు. ఆ సెమిస్టర్ అయ్యేసరికి ల్యాబ్‌లో ఎవరికి ఏది పనిచేయకపోయినా ఆమెనే పిలిచేవారు. నలుగురిలో మాట్లాడటం ఆమెకు అలా వచ్చింది. ఆ కాలేజీ ఏడాది నివేదికలో ఆమె ఫొటో ఎక్కడా ఉండదు.

మీరడిగిన పోలిక ఇదిగో. అటానమస్ కాలేజీ అయితే పాఠ్యాంశం, పరీక్ష కాలేజీవి, పట్టా జేఎన్‌టీయూ హైదరాబాద్‌ది. ప్రైవేటు యూనివర్సిటీలో పాఠ్యాంశం, పేపరు, మూల్యాంకనం, పట్టా అన్నీ వాళ్లవే. వాళ్లు మంచివాళ్లైతే కొత్త సబ్జెక్టులు తొందరగా తెస్తారు, లేకపోతే అడిగేవాళ్లు తక్కువ. నాలుగేళ్లకు ఫీజే 14 లక్షలవుతుంది, హాస్టల్ కాకుండా. మీరు రాసినంతవరకు చూస్తే, ఆ తేడా పెట్టడానికి తగిన కారణం నాకు కనిపించలేదు. నేనైతే ఈసీఈ వైపే మొగ్గుతాను. అమ్మాయి లెక్కలంటే ఇష్టపడి, ఏఐయే చదువుతానని తనంతట తాను పట్టుబడితే నా మాట మార్చుకుంటాను.

డబ్బు కట్టే ముందు రెండు చోట్లకూ ఆమెను తీసుకెళ్లండి. ఆదివారం వద్దు, సెలవు రోజు వద్దు. మధ్యాహ్నం ల్యాబ్ జరిగే వేళకు వెళ్లండి. అడ్మిషన్ ఆఫీసులో కూర్చోబెట్టి వీడియో చూపిస్తామంటే తర్వాత చూస్తామని చెప్పండి. ల్యాబ్‌లో ఒక్కో కిట్ దగ్గర ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టండి. ముగ్గురుంటే సరే. ఆరుగురుంటే నలుగురు చూస్తూ నిలబడతారు. సాయంత్రం అయిదు తర్వాత కూడా ల్యాబ్ తెరిచి ఉంటుందా అని మూడో ఏడాది పిల్లల్ని అడగాలి. ఆ ప్రశ్న మీరు అడగొద్దు, అమ్మాయి అడుగుతుంది. మీరు క్యాంటీన్‌లో టీ తాగుతూ ఒక గంట ఆగండి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె ఏ కాలేజీ గురించి ఎక్కువ చెబుతుందో వినండి. ఆ తర్వాత కూడా సందేహముంటే మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం అమ్మాయి రాయాలి.