బండిలోనే బతికేవాళ్లు రాత్రిపూట ఎక్కడ ఆగాలి?

“వ్యాన్‌లోనే ఉంటున్నాను. రాత్రి ఎవరి కంటా పడకుండా నిద్రపోవాలంటే ఎలాంటి చోటు వెతుక్కోవాలి?” అని అడిగారు. ఎవరి కంటా పడని చోటు అసలు వద్దు. దొంగ వెతికేదీ అలాంటి చోటునే. చాలాకాలం నా ఇల్లు కూడా బండే. లారీలు వరసగా ఆగే స్థలమో, రాత్రంతా తెరిచి ఉండే పెట్రోలు బంకో దొరికితేనే నాకు కంటినిండా నిద్ర పట్టేది. బంకువాళ్లను ముందుగా అడిగి ఆపుకోవాలి. వంట, స్నానం మరోచోట ముగించుకుని, నిద్రకు మాత్రమే అక్కడికి చేరాలి. బండి ముందుభాగం రోడ్డు వైపు ఉండాలి, డ్రైవరు సీటు మీద సామాను ఉండకూడదు, కిందికి దిగకుండానే పడక మీది నుంచి స్టీరింగు దగ్గరికి చేరగలగాలి.

అందరూ దొంగల గురించే భయపడతారు. గాలి సంగతి ఎవరూ ఎత్తరు. ఒక చలి రాత్రి, లారీల మధ్య పడుకుని ఉండగా తలగడ పక్కన తగిలించిన కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. లేచి చూస్తే పొగ లేదు, ఘాటు వాసనా లేదు, తల మాత్రం దిమ్ముగా ఉంది. నేను పడుకున్నాక పక్కన ఒక వ్యాన్ వచ్చి ఆగింది. హీటరు కోసం ఇంజన్ ఆపకుండానే దాని డ్రైవరు నిద్రపోయాడు. అతని బండి వెనకభాగం ప్రహరీగోడకు దాదాపు ఆనుకుని ఉంది. సైలెన్సర్ నుంచి వచ్చిందంతా పోయే దారి లేక మా రెండు బండ్ల నడుమే నిలిచిపోయింది. నా బండిని దూరంగా తీసి, వెళ్లి అతని కిటికీ బాదాను. ఎంతసేపటికీ కదలడే! చివరికి తూలుతూ తలుపు తీశాడు.

ఇంజన్ పొగలో ఉండే విషవాయువే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాడికి తలనొప్పి తెలిసేలోపే స్పృహ పోతుంది. పరదాలకూ రంగురంగుల దీపాలకూ డబ్బు పోసి, అరచేతిలో పట్టే అలారం కొననివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కిటికీలన్నీ బిగించుకుని పడుకోమని సలహా ఇచ్చేవాళ్లను చూసినా అంతే. తెల్లారేసరికి ఊపిరి తేమ అద్దాల మీద నీరై కారుతుంది, పరుపు కింద బూజు పడుతుంది. ఆ రాత్రి కిటికీలు తెరిచి ఉంచినందుకే కదా విషవాయువు లోపలికి వచ్చిందంటారేమో. మూసినా సందుల్లోంచి వస్తుంది, వచ్చింది బయటికి పోదు. ఎదురెదురు కిటికీలు చెయ్యి పట్టనంత సందుగా తెరిచి ఉంచండి.

ఇప్పుడు గోడ మూలలు నాకు అక్కర్లేదు. వరస చివర, గాలి ఆడే చోటే ఆపుతాను. పక్కబండి ఇంజన్ నడుస్తుంటే మొహమాటపడకుండా ఆపమని అడగండి. వినకపోతే అర్ధరాత్రయినా బండి తీసేయండి. అందుకే పగటి వెలుతురులోనే రెండో చోటు కూడా చూసిపెట్టుకోవాలి.