దాడి 9, రక్షణ 7

చిరంజీవికి,

కంప్యూటర్లలోకి దొంగతనంగా దూరే హ్యాకర్ల మీద నువ్వు తయారుచేస్తున్న బల్లమీది ఆట, దాని కార్డుల కట్ట అందింది. మొదటి కార్డుకే ఒళ్ళు మండింది. ‘వైరస్ వీరుడు: దాడి 9, రక్షణ 7’. పాచికలో ఎక్కువ పడితే ఎదుటివాడి కంప్యూటర్ బుగ్గి! ఆటను 1983 నాటి అమెరికాలో, మిల్వాకీ ఊళ్ళో పెట్టావు కదా, ఆ 414 కుర్రాళ్ళ గురించి చదివే రాశావా? ఊరి ఫోన్ ఏరియా కోడునే ముఠా పేరుగా పెట్టుకున్న వాళ్ళు లాస్ అలమోస్ అణు ప్రయోగశాల కంప్యూటర్లోకీ, న్యూయార్క్ స్లోన్-కెట్టరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి కంప్యూటర్లోకీ ఎలా దూరారు? ఇంట్లోంచి మోడెంతో, అంటే కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు తగిలించే పెట్టెతో, ఫోన్ కలిపి, తయారీవాళ్ళు పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చకపోతే దాంతోనే. తాళంచెవి గుమ్మానికే వేలాడుతోందన్నమాట. అది ఏ గుమ్మమో తెలిసినవాడే మొనగాడు.

ఏళ్ళ తరబడి నేను మొత్తుకునేది ఇదే. పోటీ రక్తి కట్టేది బేరంలో. ఒకడి దగ్గర ఫోన్ నంబరుంది, ఇంకొకడి దగ్గర పాస్‌వర్డుంది. ఇద్దరికీ క్షణం పడదు. రెండూ కలిస్తేగానీ పని జరగదు. ఇక చూడు, బల్ల చుట్టూ ఎన్ని గుసగుసలో!

ఈ మాట సంపాదకులకు గిట్టదు. వెనకటికి నా సీరియల్లో ఇద్దరు దొంగలు రైల్వే ప్లాట్‌ఫాం మీద వాటాలు తేల్చుకునే ఘట్టం రాస్తే, ఒక వారపత్రికాయన ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ‘ఇక్కడ కొట్టుకోవాలి’ అని మార్జిన్లో రాశాడు. కొట్టుకున్నారు. పారితోషికం మాత్రం రాలేదు. గది అద్దె కోసం ప్రూఫులు దిద్దుకుంటూ బతికాను. ఇప్పుడు హ్యాకర్ కథలకు తలమీద ముసుగు, తెరమీద పచ్చ అక్షరాల ఫ్యాషన్ వచ్చింది గానీ, ఆ ఎర్ర సిరా ఎక్కడికీ పోలేదు.

బేరంతో ఆట నడుస్తుందా అంటావా, విను. అమెరికాలోని ఆస్టిన్‌లో ఆటలు అచ్చువేసే స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే కంపెనీ మీద 1990 మార్చి 1న, హ్యాకర్ల కేసు దర్యాప్తులో, ప్రభుత్వ దర్యాప్తు సంస్థ సీక్రెట్ సర్వీస్ పడి, కంప్యూటర్లతో పాటు అచ్చుకు వెళ్ళబోతున్న ఆటపుస్తకం రాతప్రతినీ పట్టుకుపోయింది. కంపెనీ దాదాపు సగం మందిని ఇంటికి పంపాల్సొచ్చింది. యజమాని స్టీవ్ జాక్సన్ కోర్టుకెక్కి 1993లో గెలిచాడు. ఈలోగా 1992లో ‘హ్యాకర్’ అనే ఆట తెచ్చాడు. అందులో సోదా కూడా ఆటే. మూడుసార్లు దొరికితే అవుట్. ప్రత్యర్థితోనే ఇచ్చిపుచ్చుకోవాలి, అసూయ పుడితే వాడే ముంచుతాడు. మనిషి కోపం ఆట నియమంగా మారడమంటే అదీ!

అన్నట్టు, ‘అమ్మ వంటింట్లో ఫోన్ ఎత్తింది. లైను తెగింది. ఒక వంతు పోయింది’ అన్న కార్డు దగ్గర ఆగిపోయాను. ఇంటికంతా ఒకే లైను, మేడమీద గదిలో పళ్ళు కొరుకుతున్న కుర్రాడు కళ్ళకు కట్టారు. ఇది రాసిన చేత్తో ‘దాడి 9’ ఎలా రాశావమ్మా?

ఆ అంకెలన్నీ కొట్టెయ్. కనిపెట్టిన దారిని ఇంకొకడికి అమ్మేటప్పుడు అబద్ధం చెప్పొచ్చా, కూడదా? ముందు అది తేల్చు. నలుగురిని కూర్చోబెట్టి ఆడించి, ఎవరు ఎవరిమీద అలిగారో రాసి పంపు. బొమ్మలు ఇప్పుడే వేయించకు.