గోటింగెన్‌లో పామాయిల్ తోట మీద కూడా పరిశోధన చేస్తారు

మీరు అడిగింది: "జర్మనీలో గోటింగెన్ యూనివర్సిటీ అంటే లెక్కలు, ఫిజిక్స్ మాత్రమే అంటున్నారు. మా చెల్లి బీఎస్సీ అగ్రికల్చర్. తనకి అక్కడ ఏమైనా ఉంటుందా?"

ఉంటుంది. నేనూ అగ్రికల్చర్ వాడినే. బాపట్లలో డిగ్రీ అయ్యాక గోటింగెన్‌లో ఎమ్మెస్సీ చేశాను. వెళ్ళేముందు ఒక కన్సల్టెన్సీ అతను నాకూ ఇదే చెప్పాడు. "అది ఫిజిక్స్ వాళ్ళ ఊరండీ, మీకెందుకు?" అన్నాడు. పూర్తిగా అతన్నీ అనలేం. ఆ ఊళ్ళో దిగినవాళ్ళకి ముందు కనబడేది అదే. పాత ఇళ్ళ గోడల మీద తెల్లటి పలకలుంటాయి, ఫలానా శాస్త్రవేత్త ఫలానా సంవత్సరాల్లో ఇక్కడ ఉన్నారని. లెక్కల గౌస్, ఫిజిక్స్ వెబర్ ఇద్దరికీ కలిపి ఒక విగ్రహం ఉంది. 1833లో వాళ్ళు ఊరి ఇళ్ళ కప్పుల మీదుగా కిలోమీటరు పొడవున తీగ లాగి టెలిగ్రాఫ్ నడిపారు. ఊరి సమాధుల తోటకి వెళ్తే మాక్స్ ప్లాంక్, హిల్బర్ట్, మాక్స్ బోర్న్ లాంటి ఫిజిక్స్, లెక్కల ఉద్దండుల సమాధులు. బోర్న్ రాతి మీద పేరుతోపాటు క్వాంటమ్ సమీకరణం కూడా చెక్కారు. నేను ఒక ఆదివారం అక్కడ గంటసేపు తిరిగి, ఏమీ అర్థం కాక, ఫొటోలు తీసుకుని వచ్చాను.

అదే తోటలో అడాల్ఫ్ విన్‌డౌస్ సమాధి కూడా ఉంది. ఆయన మాత్రం నాకు బాగా అర్థమయ్యారు. మొదటి చలికాలంలో ఒళ్ళంతా నొప్పులు, మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి. డాక్టర్ రక్తపరీక్ష చేయించి డి విటమిన్ బాగా తక్కువుందని మాత్రలు రాశారు. ఆ విటమిన్ గుట్టు విప్పిన పనికి 1928లో నోబెల్ అందుకున్న కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఈయనే, గోటింగెన్‌లోనే.

ఇక మన సంగతి. మాది పెదవేగి పక్కన ఊరు. నాన్నకి ఆరెకరాల పామాయిల్ తోట. మొదటి సెమిస్టర్‌లో ఒక క్లాసులో తెర మీద పామాయిల్ గెల ఫొటో వచ్చింది. "దీన్ని చేత్తో పట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ప్రొఫెసర్ అడిగారు. ఇండోనేషియా అమ్మాయీ నేనూ చెయ్యెత్తాం. ఆ రాత్రి నాన్నకి ఫోన్‌లో చెబితే, "అక్కడ మొక్క కూడా బతకదు కదరా, వాళ్ళకెందుకు ఆ గొడవ?" అన్నారు.

ఎందుకంటే ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో జాంబి అనే ప్రాంతంలో అడవి కొట్టేసి రబ్బరు, పామాయిల్ వేస్తున్నారు. దానివల్ల ఏం పోతోంది, ఎవరికి ఎంత వస్తోంది అని తేల్చడానికి గోటింగెన్ వాళ్ళు బోగోర్, జాంబి యూనివర్సిటీలతో కలిసి 2012లో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టి పదేళ్ళకు పైగా నడిపారు. ఒకరు మట్టిలో సూక్ష్మజీవులు చూస్తారు, ఒకరు చీమలు లెక్కపెడతారు, ఇంకొకరు చెట్టు తాగే నీళ్ళు కొలుస్తారు, ఎకనామిక్స్ వాళ్ళు రైతుల ఇళ్ళకి వెళ్ళి ఆదాయం అడుగుతారు. అడవుల ఫ్యాకల్టీ, బయాలజీ, అగ్రికల్చర్ అందరూ ఒకే తోట చుట్టూ చేరారు. నాకు ఆ యూనివర్సిటీలో నిజంగా నచ్చింది ఇదే. సబ్జెక్టులు చాలాచోట్ల చాలానే ఉంటాయి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడమే అరుదు.

అందులో ఒక ప్రయోగం చెప్తాను. ఒక పెద్ద పామాయిల్ ఎస్టేట్‌లో 2013లో అక్కడక్కడా కొన్ని పామాయిల్ చెట్లు తీసేసి, ఆ జాగాల్లో అడవి జాతి మొక్కలు నాటారు. మొత్తం 52 చోట్ల. తోట మధ్యలో చిన్న చిన్న చెట్ల దీవుల్లాగా అన్నమాట. 2023లో ఫలితాలు వచ్చాయి: పక్షులు, పురుగులు, మొక్కల రకాలు పెరిగాయి, మొత్తం మీద దిగుబడి మాత్రం పడిపోలేదు. ఇది నాన్నకి చెబితే, "మనమూ మధ్యలో కోకో వేశాం కదా" అన్నారు. కోకో అంతర పంట, అది వేరు నాన్నా అని అరగంట వాదించాను. ఆయన ఒప్పుకోలేదు.

పత్తి రైతుల ఇంటి నుంచి వచ్చినవాళ్ళకి ఇంకో లింకు ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 2002 నుంచి 2008 దాకా అవే రైతు కుటుంబాలను మళ్ళీమళ్ళీ కలిసి చేసిన బీటీ పత్తి సర్వే గోటింగెన్ వాళ్ళదే. బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగాయని 2012లో ప్రచురించారు. అయితే ఆ లెక్క 2008తో ఆగిపోయింది. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని కూడా ఎలా తినేసిందో మనకి తెలుసు, కాబట్టి ఆ అంకెల్ని ఇవాళ్టి చేలకి అంటగట్టకండి. పైగా దాన్ని నడిపించిన ప్రొఫెసర్ మతిన్ కైమ్ ఇప్పుడు బాన్ యూనివర్సిటీకి వెళ్ళిపోయారు. మీ చెల్లికి ఇది ముఖ్యం: యూనివర్సిటీ పేరు అక్కడే ఉంటుంది, మనుషులు మారిపోతారు. ఆ గ్రూపు ఇప్పుడు ఉందా లేదా చూసుకుని అప్లై చేయమనండి. నేను ఇది చూసుకోకుండా ఒకే మెయిల్‌ని ముప్పైమంది ప్రొఫెసర్లకి పంపాను. ఇద్దరు జవాబిచ్చారు, అందులో ఒకాయన తాను రిటైరయ్యానని.

ఇంకో తికమక కూడా ఉంది. ఊళ్ళో ప్లాంక్ పేరు మీదున్న పరిశోధన సంస్థలు, అంటే మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్‌లు, కోతుల మీద పరిశోధన చేసే జర్మన్ ప్రైమేట్ సెంటర్ కూడా ఉన్నాయి. కలిసి పనిచేస్తారుగానీ యూనివర్సిటీ వేరు, అవి వేరు. 1991లో వైద్యంలో నోబెల్ వచ్చిన నేహర్, సక్‌మన్‌ల పని మాక్స్ ప్లాంక్‌లో జరిగింది. ఇక మనవాళ్ళలో ఎక్కువమంది అడిగే ఇంజనీరింగ్‌కి అక్కడ ఫ్యాకల్టీనే లేదు. విమానం రెక్క మీద గాలి ఎలా పారుతుందో వివరించిన ప్రాంట్ల్ పనిచేసిన ఊరు, విచిత్రం కదా. సంస్కృతానికి మాత్రం పాత పేరుంది. పూణెలో పాఠాలు చెప్పి, సంస్కృత వ్యాకరణం మీది పతంజలి మహాభాష్యాన్ని పరిష్కరించి ప్రచురించిన కీల్‌హార్న్ 1882 నుంచి అక్కడే ప్రొఫెసర్.

అక్కడ ఎన్ని రకాల పనులు జరుగుతాయో నాకు తెలిసింది మాత్రం పాత టౌన్‌హాల్ ముందు. పీహెచ్‌డీ అయినవాళ్ళని స్నేహితులు అలంకరించిన చిన్న తోపుడు బండిలో లాక్కొచ్చి, ఫౌంటెన్ మీద బాతులు పట్టుకున్న అమ్మాయి బొమ్మకి ముద్దు పెట్టిస్తారు. నెత్తిన అట్ట టోపీ, దాని మీద థీసిస్‌కి సంబంధించిన బొమ్మలు. ఒక శుక్రవారం ఐస్‌క్రీమ్ తింటూ కూర్చుని చూశాను: ఒక టోపీ మీద తేనెటీగలు, ఒకదాని మీద పంటి సెట్టు, ఇంకోదాని మీద ప్లాస్టిక్ ఆవు. నాలుగో అతని టోపీ మీద ఖాళీ కాగితం ఒక్కటే అతికించారు. గణితమట.

మీ చెల్లి చూడాల్సిన కోర్సు 'సస్టెయినబుల్ ఇంటర్నేషనల్ అగ్రికల్చర్'. గోటింగెన్, కాసెల్ యూనివర్సిటీలు కలిపి నడుపుతాయి, ఇంగ్లీషులోనే. కొన్ని క్లాసులు విట్సెన్‌హౌసెన్ అనే చిన్న ఊళ్ళో ఉంటాయి, రైల్లో వెళ్ళి రావాలి. చెర్రీ తోటల ఊరది. వేసవిలో వెళ్తే సంచి తీసుకెళ్ళమనండి.