అన్యజనులెవరని అడిగే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి యౌవనస్థుల బైబిలు తరగతిని నీకు అప్పగించారని, మొదటి పాఠంగా యూదుడు, ఇశ్రాయేలీయుడు, అన్యజనుడు అన్న మూడు మాటలనే ఎంచుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషించాను, కొంచెం భయపడ్డాను కూడా. ఈ మాటలు అందరికీ తెలిసినవే అనిపిస్తాయి కనుక ఎవరూ వాటి దగ్గర ఆగరు, చెప్పేవాళ్ళు అసలే ఆగరు.

నేను నీ వయసులో ఉన్నప్పుడు ఇదే పాఠం చెప్పబోయి నల్లబల్ల మీద మూడు గళ్ళు గీశాను. ఒక దానిలో ఇశ్రాయేలీయులు, అంటే పాత నిబంధన వారు. రెండో దానిలో యూదులు, అంటే కొత్త నిబంధన వారు. మూడో దానిలో అన్యజనులు, అంటే విగ్రహారాధకులు. సుద్దముక్క కింద పెట్టేలోగా వెనక బెంచీలో కూర్చున్న ఒక ముసలాయన లేచి, "అయ్యా, మొర్దెకై బెన్యామీను గోత్రంవాడు కదా, మరి ఎస్తేరు గ్రంథం ఆయన్ను యూదుడని ఎందుకంటోంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఎస్తేరు 2:5 మళ్ళీ మళ్ళీ చదివాను. గళ్ళు గీయవద్దని నీకు చెప్పడానికి కారణం అదే. ఈ మాటలు కాలంతో పాటు కదిలాయి. వాటి వెంట నడిపిస్తేనే పిల్లలకు అర్థమవుతుంది.

యాకోబుతో మొదలుపెట్టు. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడినవాడికి ఇశ్రాయేలు అన్న పేరు వచ్చింది. ఆ పేరు పన్నెండుమంది కుమారుల సంతతికి, ఆ తరువాత ఒక జనానికి పేరైంది. బైబిలుకు వెలుపల ఈ పేరు మనకు కనిపించే అత్యంత ప్రాచీన స్థలం ఐగుప్తు రాజు మెర్నెప్తా వేయించిన శిలాశాసనం. అది సుమారు క్రీ.పూ. 1208 నాటిది, 1896లో బయటపడింది. అందులో చుట్టుపక్కల ఊళ్ళ పేర్లకు దేశాన్ని సూచించే గుర్తు వేసిన లేఖకుడు ఇశ్రాయేలు దగ్గర మాత్రం మనుషుల గుంపును సూచించే గుర్తు వేశాడు. పిల్లలకు ఇది తప్పక చెప్పు, అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

యూదుడన్న మాట యూదా నుంచి వచ్చింది. యూదా యాకోబు భార్య లేయాకు నాలుగో కొడుకు. సొలొమోను తరువాత రాజ్యం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది గోత్రాలు ఇశ్రాయేలు అన్న పేరును తమతో తీసుకుపోయాయి, దక్షిణాన యెరూషలేము చుట్టూ యూదా రాజ్యం మిగిలింది. యెహూదీమ్ అన్న హెబ్రీ మాట మొదటిసారి కనిపించేది రాజులు రెండవ గ్రంథం 16వ అధ్యాయంలో. అక్కడ ఇశ్రాయేలు రాజైన పెకహు సిరియా రాజుతో కలిసి యెరూషలేము మీదికి యుద్ధానికి వస్తాడు. అంటే యూదులన్న పేరు గ్రంథంలోకి అడుగుపెట్టిన ఘట్టంలోనే ఇశ్రాయేలు వారికి ఎదుటిపక్షం! నా మూడు గళ్ళు ఈ ఒక్క అధ్యాయం ముందే నిలబడవు. తరువాత క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు చేతిలో ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను కూలింది (కొత్త నిబంధనలో సమరయ అని చదివేది ఈ పేరునే, చాలామందికి తెలియదు). యూదా మరికొంత కాలం నిలిచి, క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోనుకు చెరగా పోయింది. చెరలోకి వెళ్ళినవారిలో, తిరిగి వచ్చినవారిలో బెన్యామీనీయులు, లేవీయులు కూడా ఉన్నా, వారందరికీ ఆ దేశం పేరే అంటుకుంది. మొర్దెకై గోత్రాన్ని బట్టి బెన్యామీనీయుడు, జనాన్ని బట్టి యూదుడు. ముసలాయనకు నేను ఇవ్వవలసిన జవాబు ఇంతే.

మరొక సంగతి. ఏ పేరు ఎవరి నోట వస్తోందో గమనించమని చెప్పు. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు "యూదుల రాజు" ఎక్కడని అడుగుతారు, పిలాతు సిలువపైన రాయించిందీ అదే మాట. కానీ అదే సిలువ కింద నిలబడి ఎగతాళి చేసిన ప్రధానయాజకులు మాత్రం "ఇశ్రాయేలు రాజు" అంటారు. బయటివారి నోట ఒక పేరు, ఇంటివారి నోట మరొకటి. ఇది ప్రతి వచనానికీ సరిపోయే సూత్రం కాదు కానీ చాలాచోట్ల కళ్ళు తెరిపిస్తుంది. యోనా కూడా పరదేశపు నావికులు అడిగినప్పుడు తనను హెబ్రీయుడనే (ఆ జనానికి మరో పేరు) చెప్పుకున్నాడు. పౌలు సంగతి చెప్పనక్కరలేదు: రోమా సహస్రాధిపతి ముందు యూదుడు, రోమా పత్రికలో ఇశ్రాయేలీయుడు, ఫిలిప్పీ పత్రికలో హెబ్రీయుడు. మనిషి ఒక్కడే.

యోహాను సువార్తకు వచ్చినప్పుడు నిదానించు. అక్కడ యూదులకు భయపడి తలుపులు మూసుకున్న శిష్యులు కూడా యూదులే కనుక, ఆ మాట చాలాచోట్ల యెరూషలేము అధికారులను ఉద్దేశించినదని సందర్భమే చెబుతోంది. మంచి శుక్రవారం ప్రసంగాల్లో "యూదులు యేసును చంపారు" అని తేలికగా అనేస్తుంటారు. ఆ ఒక్క వాక్యం ఐరోపాలో శతాబ్దాల పాటు ఇళ్ళు తగలబెట్టించింది. ఆనాటి యూదులందరి మీదా, నేటి యూదుల మీదా ఆ నేరం మోపరాదని 1965లో కతోలికుల రెండవ వాటికన్ మహాసభ స్పష్టంగా ప్రకటించింది. మనది ప్రొటెస్టెంటు సంఘమైనా ఆ మాట మనకూ వర్తిస్తుంది.

ఇక అన్యజనులు. నీకు ఎక్కువ కష్టం ఇక్కడే. హెబ్రీలో గోయ్ అంటే జనం, అంతే; అబ్రాహామును గొప్ప జనంగా చేస్తానన్నప్పుడు, సీనాయి దగ్గర ఇశ్రాయేలును పరిశుద్ధమైన జనమన్నప్పుడు వాడిన మాట కూడా గోయే. బహువచనంలో వాడగా వాడగా అది "మిగతా జనాలు" అన్న అర్థానికి వచ్చింది. తెలుగు అనువాదకులు "అన్య" చేర్చి ఆ హద్దును పేరులోనే చూపించారు. ఆ హద్దు నిజంగా రాతితో ఉండేది కూడా. దేవాలయం లోపలి ఆవరణ చుట్టూ ఉన్న అడ్డుగోడ దాటే పరజాతివాడు తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో చెక్కిన సున్నపురాతి పలక 1871లో యెరూషలేములో దొరికింది. ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అపొస్తలుల కార్యాలు 21లో అన్యజనుడు, ఎఫెసీయుడు అయిన త్రోఫిమును పౌలు లోపలికి తెచ్చాడని అల్లరి రేగింది ఆ గోడ విషయంలోనే. యూదులను, అన్యజనులను వేరుచేసిందని ఎఫెసీ పత్రిక చెప్పే మధ్యగోడను ఈ పలక ఫోటో పక్కన పెట్టి చదివించు.

రోమా 11లోని ఒలీవచెట్టును మాత్రం మన మామిడితోటలోనే చూపించవచ్చు. మనం నాటు మొక్క మీద మేలురకం కొమ్మను అంటుకడతాం. పౌలు దాన్ని తిరగేసి, అడవి కొమ్మను మంచి చెట్టుకు అంటుకట్టారంటాడు. అది స్వభావవిరుద్ధమని తానే ఒప్పుకుంటాడు. ఆ అడవి కొమ్మ ఎవరో పిల్లలే చెప్పాలి.

వార్తల ప్రశ్నలు తప్పవు. పత్రికల్లో ఇజ్రాయెల్ అని, మన బైబిల్లో ఇశ్రాయేలు అని రాస్తారు. ఈ తేడా మనకు మేలే చేసింది, వాడుకో. 1948లో ఏర్పడిన దేశపు పౌరుడు ఇజ్రాయెలీ. అతడు యూదుడు కావచ్చు, అరబ్బు ముస్లిం కావచ్చు, అరబ్బు క్రైస్తవుడు కావచ్చు. ఇశ్రాయేలీయుడు గ్రంథంలోని మనిషి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయిము గోత్రీకులుగా చెప్పుకొనే బెనె ఎఫ్రాయిమ్ వారి గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఎఫ్రాయిము ఉత్తర రాజ్యపు గోత్రం, యూదా వంశం కాదు. అయినా వారు సమాజమందిరం (యూదుల ప్రార్థనాస్థలం) కట్టుకొని విశ్రాంతిదినం పాటిస్తూ యూదులుగా బ్రతుకుతున్నారు. వారి పుట్టుక మీద తీర్పు చెప్పే పని పెట్టుకోకు. పేరు వంశాన్నే కాక ఆచారాన్ని బట్టి కూడా వస్తుందని చెప్పడానికి, ఇతర జనాల వారు చాలామంది యూదులయ్యారనే ఎస్తేరు 8:17 చాలు.

తరగతి ప్రారంభంలోనే ఒక ప్రశ్న అడుగు: "మనకు తెలిసిన అన్యజనులెవరు?" మన ఇళ్ళలో హిందూ పొరుగువారిని అన్యులనడం అలవాటు కనుక, పిల్లలు కిటికీలోంచి బయటికే చూస్తారు. అవిశ్వాసులన్న అర్థంలో ఆ వాడుకకు పేతురు పత్రికలో ఆధారం లేకపోలేదు, దాన్ని దాచవద్దు. తరువాత రోమా 11:13 తీయించి, పౌలు సంఘంలో కూర్చున్న విశ్వాసులనే ఏ పేరుతో పిలుస్తున్నాడో ఒకరిచేత గట్టిగా చదివించు. చదివాక కాసేపు నీవేమీ మాట్లాడకు.

నీ పెదనాన్న