సంతకం పెట్టే ముందు

చిరంజీవి బుజ్జితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ముంబైలో కంపెనీలకు ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) రేటింగులు ఇచ్చే సంస్థలో చేరుతున్నావని మీ నాన్న ఫోను చేశాడు. వీధంతా చెప్పుకొని వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తేలికైనవి ముందు చెబుతాను. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం, బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వక తప్పదు. దాని మొదట్లోనే స్టాండలోనా (ఆ కంపెనీ ఒక్కదాని లెక్కా), కన్సాలిడేటెడా (అనుబంధ కంపెనీలతో కలిపా) అన్న గడి ఉంటుంది. ముందు అది చూడు. టన్ను సరుకుకు ఎంత నీరు వాడామన్న లెక్క చూపి మురిపిస్తారు, మొత్తం ఎన్ని కిలోలీటర్లు తోడారో చూడు. మీ సంస్థకు డబ్బు కట్టేది రేటింగు పొందే కంపెనీయా, చందాదారులా కనుక్కో.

ఇక నా సంగతి. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో పర్యావరణ విభాగం చూసేవాణ్ణి కదా. మా ఘాటైన వ్యర్థజలమంతా తయారీలో ఒకే దశలో వచ్చేది. ఆ దశను జాబ్‌వర్క్ కింద, అంటే కూలికి చేసిపెట్టే పనిగా, బయటి చిన్న యూనిట్‌కు అప్పగించారు. ఆ ఏడాది మా వ్యర్థజలం సగానికి పడిపోయింది. వార్షిక నివేదికలో కిందికి దిగుతున్న గీత బొమ్మ వేయించి, లెక్కల కింద సంతకం పెట్టింది నేనే. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు తల్లీ! అవార్డు వచ్చింది. ఆ శాలువా మీ పెద్దమ్మ ఇంకా బీరువాలో దాచుకుంది.

మరుసటి వేసవిలో ఆ యూనిట్ పక్క పల్లెలో దాహమడిగాను. ఒక ముసలామె కొన్న క్యాన్‌లోంచి నీళ్లు వంచి ఇచ్చింది. "బోరు నీళ్లు గొడ్లు కూడా ముట్టవు సారూ" అంది. తాగాను. తిరిగొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాదీ అదే బొమ్మ, అదే సంతకం. మొదటిది తెలియక పెట్టాననుకున్నా, రెండోదానికి ఏం చెప్పను? దీన్ని ఇప్పుడు గ్రీన్‌వాషింగ్ అంటున్నారు. అప్పట్లో మేము దానికి పేరే పెట్టలేదు.

పెద్దవాళ్లూ బోల్తా పడ్డారులే. 2015 సెప్టెంబరులో ఒక సుస్థిరత సూచీ ఫోక్స్‌వాగన్‌ను కార్ల రంగంలో మొదటి స్థానంలో నిలబెట్టింది. పొగ పరీక్షను మోసగించే సాఫ్ట్‌వేర్ బయటపడింది ఆ నెలలోనే. మన సత్యం కంప్యూటర్స్ సంగతి సరేసరి, 2008లో కార్పొరేట్ పాలనకు పురస్కారం, 2009 జనవరిలో లెక్కలు దొంగవని రామలింగరాజు ఒప్పుకోలు ఉత్తరం.

ఎండలో తిరిగే పని కాదు, కంప్యూటర్ ముందే అని సంబరపడుతున్నావట. సిగ్గు లేదూ! జాబ్‌వర్క్ యూనిట్ల జాబితా అడుగు, వాళ్లు ఇవ్వము అంటే ఆ మాటే నివేదికలో రాసి పెట్టు. ఏడాదికి ఒక్కసారైనా ఫ్యాక్టరీ వెనక వైపు ఊరికి వెళ్లి మంచినీళ్లు అడుగు.

అక్కడి వానలకు నీకు దగ్గు వస్తుంది, శొంఠి పొడి పంపిస్తున్నాం. మొదటి నివేదిక మీద సంతకం పెట్టే ముందు ఒక్క ఫోను చెయ్యి. ఎంత పొద్దుపోయినా ఎత్తుతాను.

పెదనాన్న